ద్రోహం చేసిన బావి

ఆ ఉదయం పళ్ళ డాక్టరు రెండు పనులు అనుకుని మంచం దిగాడు. ఒకటి, "పొగకోట" మూడో భాగాన్ని లైబ్రరీకి తిరిగి ఇచ్చేయడం. రెండు, ఆ సంగతి కాఫీ దగ్గరే అత్తగారికి చెప్పేయడం. మొదటిది తేలికే. లైబ్రరీ ఆయన క్లినిక్ ఉన్న వీధిలోనే, మందుల దుకాణం పక్కన ఉంది. రెండోదాని కోసం మాత్రం అద్దం ముందు గడ్డం గీసుకుంటూ, "అత్తయ్యగారూ, ఇక నావల్ల కాదండీ" అన్న మాటను రకరకాల గొంతులతో అని చూసుకున్నాడు. ఏ గొంతుతో అన్నా ఆవిడ మొహం చిన్నబోతుందనే అనిపించింది.

ఇదంతా లైబ్రరీవాళ్ళు పెట్టిన పఠన పోటీతో మొదలైంది. ఒక ఇంటి నుంచి ఇద్దరు కలిసి ఏదో ఒక పెద్ద సిరీస్ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఒక్కో భాగం పూర్తికాగానే గోడ మీది బోర్డుకి ఒక కాగితపు చుక్క అతికించుకోవాలి. పోటీ సంగతి ఇంటికి మోసుకొచ్చింది అత్తగారు. పొగకోటను ఎంచుకున్నదీ ఆవిడే. ఎనిమిది భాగాల మాయారాజ్యం కథ అది. ఒక్కో భాగం తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. అందులో మనుషులకి మూడేసి పేర్లు, గుర్రాలకి రెండేసి. మొదటి రెండు భాగాలూ డాక్టరు పంటి బిగువున లాగించాడు. మూడో దాంట్లో ఒక సైన్యం బురదనేలలోకి దిగింది. రెండు వందల పేజీలు తిప్పినా ఇంకా బురదలోనే ఉంది. వాళ్ళు ఒడ్డు చేరేదాకా ఆగే ఓపిక ఆయనకి లేదు.

అలాగని మానేయడమూ తేలిక కాదు. అత్తగారు రైల్వే స్టేషన్‌లో అనౌన్సరుగా పనిచేసి రిటైరై, ఈ మధ్యనే కూతురి దగ్గరికి వచ్చింది. జీవితమంతా వేలమందికి వినిపించేలా మాట్లాడిన మనిషికి ఇంట్లో వినేవాళ్ళు కరువయ్యారు. కూతురు ఫిజియోథెరపిస్టు. తెల్లారకముందే ఎవరి మోకాళ్ళో వంచడానికి వెళ్ళిపోతుంది. ఇక అల్లుడికి, నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళతో మాట్లాడటమే అలవాటు. నోరు మూసుకుని ఎదురుగా కూర్చున్నవాళ్ళతో ఏం మాట్లాడాలో తెలియదు. మొదటి నెలలన్నీ "కాఫీ తాగారా బాబూ", "తాగానండీ" దగ్గరే గడిచాయి. ఆ తర్వాత ఆయన పేపరు వెనక్కి వెళ్ళిపోయేవాడు. పొగకోట వచ్చాకే ఆ పేపరు కిందకి దిగింది.

ఆ ఉదయం ఆయన కుర్చీ లాక్కుని గొంతు సవరించుకునేసరికి, అత్తగారు నాలుగో భాగం చంకన పెట్టుకుని ఎదురొచ్చింది. దాని మధ్యలో ఎర్ర రిబ్బను వేలాడుతోంది.

"నేను నాలుగులోకి వచ్చేశాను బాబూ. మీరు కూడా తొందరగా వచ్చేయండి. ఒక్కదాన్నే అందులో తిరుగుతుంటే ఏం తోచడం లేదు" అంది.

"నేనూ నాలుగులోకి వచ్చేసినట్టేనండీ" అన్నాడు డాక్టరు. గడ్డం గీసుకుంటూ అనుకున్న మాటల్లో ఇది లేదు.

క్లినిక్‌కి వెళుతూ, మూడో భాగం ఇచ్చేసి నాలుగో భాగం తెచ్చుకున్నాడు. చదవడానికి కాదు, ఇంట్లో కనబడేలా పెట్టడానికి. ఆ సాయంత్రమే భార్యకి నిజం చెప్పేసి, వాళ్ళమ్మకి చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి, "సరే, మీ ఇష్టం" అంది. ఆ చూపులో ఇంకేదో ఉన్నట్టు అనిపించింది గానీ, ఆయన అడగలేదు.

ఇక మిగిలింది కథ తెలుసుకోవడం. ఇంటర్నెట్‌లో వెతికాడు. ప్రతి వ్యాసం మొదట్లోనే "పుస్తకం చదవనివాళ్ళు ఇక్కడితో ఆగిపోండి" అని రాసి ఉంది. చెప్పిన మాట వినడం చిన్నప్పటి నుంచీ అలవాటైన మనిషి కావడంతో, ప్రతిసారీ అక్కడితో ఆగిపోయాడు.

అలాంటి సమయంలో దేవుడు పంపినట్టు లెక్కల టీచరు వచ్చింది. కింది దవడలో చివరి పన్ను పాడై, రూట్ కెనాల్ కోసం వారం వారం వస్తోంది. పోటీలో ఆమె కూడా పొగకోటనే చదువుతోందనీ, అక్కతో కలిసి అప్పటికే చివరికి వచ్చేసిందనీ మాటల్లో తెలిసింది. చిక్కల్లా ఒక్కటే. మత్తు ఇంజెక్షనుకి ముందు ఆమె భయంతో నోరు విప్పదు. ఇంజెక్షను అయ్యాక భయం పోయి ధారాళంగా మాట్లాడుతుంది. అప్పటికి కింది పెదవి ఆమె మాట వినదు.

"నాలుగో భాగంలో అసలు సంగతి ఏమిటండీ?" అని అడిగాడు డాక్టరు, ఇంజెక్షను ఇచ్చి పన్ను మొద్దుబారాక.

"కోటకి… ద్రోహం చేసింది… హావే" అంది టీచరు, దూది వెనకనుంచి.

డాక్టరు ఒక్క క్షణం ఆలోచించాడు. తన వృత్తిలో ఇలాంటి మాటలు అర్థం చేసుకోవడం రోజూ ఉండేదే. పెదవులు కలవనప్పుడు బ, హ అవుతుంది.

"బావేనా?" అని నిర్ధారణ చేసుకున్నాడు.

టీచరు గట్టిగా తలూపింది. ఆమె చెప్పింది రాకుమారి బావ గురించి. డాక్టరుకి అర్థమైంది కోటలోని బావి గురించి. మాయారాజ్యంలో బావి ద్రోహం చేయడం పెద్ద వింత కాదు. మొదటి భాగంలో ఒక తలుపు పాట పాడింది.

మర్నాడు కాఫీ దగ్గర ఆయన ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టాడు. కోటలో బావి ఉంది, అది మాట్లాడుతుంది, నీళ్ళు తోడుకోవడానికి వచ్చిన ప్రతివాడి రహస్యాన్నీ విని శత్రువులకి చేరవేసింది. చెబుతుంటే కథ తనంతట తనే ముందుకు పోయింది. అత్తగారు కప్పు బల్ల మీద పెట్టి శ్రద్ధగా విన్నది.

"నాకా బావి మీద మొదటినుంచీ అనుమానమే బాబూ. లోతు తెలియనివాటిని నమ్మకూడదు" అంది.

డాక్టరు గుండె కుదుటపడింది. ఆవిడ చదివిందీ, టీచరు చెప్పిందీ సరిపోయాయి. పైగా అత్తగారు గొంతు తగ్గించి, "నేను అప్పుడే ఆరో భాగంలోకి వచ్చేశాను. అందులో అది ఏం చేస్తుందో చూడండి. నేను చెప్పను, మీరే చదవాలి" అని ఊరించింది. దాంతో ఆయన టీచరు మళ్ళీ ఎప్పుడొస్తుందో డైరీలో చూసుకున్నాడు. తర్వాతి వారం టీచరు కుర్చీలో వాలడం, ఇంజెక్షను పడటం, ఈయన ఆరో భాగం అడగడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. అందులో "హావ్‌కి హెళ్ళి" అని తేలింది. ఎవరితో అని అడిగాడు. ఏటి అవతలి పిల్లతో అని ఆమె చెప్పింది గానీ, దూది మింగగా మిగిలింది "ఏటి" ఒక్కటే. అంటే బావికి ఏటితో పెళ్ళి.

మర్నాడు కాఫీ దగ్గర డాక్టరు బావికి పెళ్ళి అనేసరికి అత్తగారు కళ్ళు ఒత్తుకుంది. ఆ ఘట్టం దగ్గర తనకి నిద్రపట్టలేదని చెప్పింది. ఏరు కదిలే మనిషి, బావి కదలని మనిషి, ఆ కాపురం ఎలా సాగుతుందని దిగులుపడింది. డాక్టరుకి కూడా నిజంగానే దిగులేసింది. ఆ రోజు ఆయన క్లినిక్ ఆలస్యంగా తీశాడు.

ఏడో భాగానికి వచ్చేసరికి టీచరు పంటికి చివరి విడత జరుగుతోంది. "రాజుగారి హరదలొచ్చి… రాజ్యం హొత్తం… హుంచే…" అని క్రియను దూదికి వదిలేసింది. ఆమె చెప్పిన రాజుగారి మరదలు, డాక్టరు చెవిలో వరదలైపోయింది. ఏరుతో పెళ్ళయిన బావి పొంగితే వరదలు రాక ఏం చేస్తాయి? అన్నీ అతికినట్టు సరిపోతున్నాయి. ఇంత గట్టిగా అల్లిన కథను మూడో భాగంలో వదిలేసినందుకు ఆయన తనను తానే తిట్టుకున్నాడు. అయినా మళ్ళీ తెరిచి చదువుదామని మాత్రం అనిపించలేదు.

ఈలోగా బోర్డు మీద వాళ్ళ ఇంటి చుక్కలు నిండుతూ వచ్చాయి. అతికించే పని అత్తగారిదే. అల్లుడి వరసలో ఒకటి, తన వరసలో ఒకటి, గోటితో నొక్కి మరీ అతికించి వచ్చేది. పోటీ ముగిసేరోజుకి ఎనిమిది భాగాలూ పూర్తిచేసినట్టు తేలినవి రెండిళ్ళే. ఒకటి టీచరుది, ఒకటి వీళ్ళది. రెండిళ్ళవాళ్ళనీ వేదిక మీదికి పిలిచి మాట్లాడిస్తామని లైబ్రేరియన్ ఫోన్ చేశాడు. డాక్టరు ఆ రోజు ఎవరికైనా అర్జెంటుగా పన్ను నొప్పి వస్తే బాగుండునని కోరుకున్నాడు. ఊరంతా పళ్ళు గట్టిగా ఉన్నాయి.

ఆ సాయంత్రం లైబ్రరీలో చదువుకునే గదిలో బల్లలు పక్కకి జరిపి కుర్చీలు వేశారు. గది నిండిపోయింది. డాక్టరు భార్య వెనక వరసలో గోడకి దగ్గరగా కూర్చుంది. లైబ్రేరియన్ పొగకోటను క్షుణ్ణంగా చదివినవాడు, నవ్వడం తక్కువ. మొత్తం సిరీస్‌లో మనసును తాకిన ఘట్టం ఏమిటని అడిగి మైకు అత్తగారి చేతికిచ్చాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత చేతికి మైకు వచ్చేసరికి ఆవిడ నిటారుగా కూర్చుంది.

"అందరికీ నమస్కారం. నన్ను అడిగితే ఆరో భాగంలో బావికి జరిగిన పెళ్ళి" అని, ఆలస్యంగా వస్తున్న రైలు గురించి చెప్పినంత స్పష్టంగా చెప్పింది.

గదిలో ఎవరూ కదల్లేదు. లైబ్రేరియన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకోలు అనుకుని డాక్టరు అత్తగారికి వంతపాడాడు. పెళ్ళి సరే గానీ, ఆ తర్వాత బావి పొంగి, వరదలొచ్చి రాజ్యం మునగడం తనని కదిలించిందని చెప్పాడు. పెళ్ళికూతురు ఏరు కాబట్టి అది తప్పని పరిణామమే అని కూడా వివరించాడు.

టీచరు లేచి నిలబడింది. పంటికి కొత్త తొడుగు. పెదవులు రెండూ చక్కగా కలుస్తున్నాయి.

"డాక్టరుగారూ, ఆ బావి ఎవరండీ?"

"మీరే కదండీ చెప్పారు. ద్రోహం చేసింది బావే అని."

"బావే అన్నాను. రాకుమారి బావ" అంది టీచరు. ఆమె మొహంలో చిక్కుముడులన్నీ ఒకటొకటిగా విడిపోతూ కనిపించాయి. "వరదలు కాదండీ. మరదలు. రాజుగారి మరదలు."

గది పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. డాక్టరు తన క్లినిక్ కుర్చీలో పడుకున్నవాళ్ళ లాగే నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఆ నవ్వుల మధ్య ఆయన భయం ఒక్కటే, అత్తగారి వైపు తిరగాలి. తిరిగాడు.

"అల్లుడుగారూ, మీరు చదవలేదా?" అంది ఆవిడ. మైకు ఇంకా చేతిలోనే ఉంది.

"మూడో భాగంలో ఆపేశానండీ. క్షమించండి. సైన్యం బురదలో ఉండగా."

"ఏ బురద?" అంది అత్తగారు.

అది మైకులోంచి గది నలుమూలలకీ వినిపించింది. ఆవిడకి అప్పుడు తెలిసింది ఏమన్నదో. మైకు మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది. ఇక ఆ తర్వాత చెప్పినదంతా అల్లుడికి మాత్రమే వినిపించేలా చెప్పింది. మొదటి భాగం మొదట్లో వేసిన మాయారాజ్యం పటం దగ్గరే తనకి కళ్ళు తిరిగాయట. రిబ్బను మాత్రం రోజూ కొన్ని పేజీలు ముందుకి జరిపేదట.

"మరి నాతో రోజూ…" అన్నాడు డాక్టరు.

"మీరు రోజూ పొద్దున్నే కూర్చుని కథ చెబుతున్నారు బాబూ. నేను చదవడం లేదంటే, మీరు మళ్ళీ పేపరు వెనక్కి వెళ్ళిపోతారేమో అనుకున్నాను."

"నేను కూడా, మీరు ఒంటరిగా ఉంటారనే" అని చెప్పాలనుకున్నాడు డాక్టరు. అంత పెద్ద వాక్యం ఆయనకి అలవాటు లేదు. ఆవిడ ఒళ్ళోంచి మైకు తీసి పక్కన పెట్టి, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నాడు. అత్తగారికి అది సరిపోయింది.

ఇద్దరూ ఒకేసారి వెనక వరస వైపు చూశారు. డాక్టరు భార్య పైకప్పు చూస్తోంది. ఇక తప్పదని అర్థమయ్యాక, "ఇద్దరూ విడివిడిగా వచ్చి నాతో ఒట్టేయించుకున్నారు. నేనేం చెయ్యను?" అంది.

లైబ్రేరియన్ బోర్డు దగ్గరికి వెళ్ళి వాళ్ళ చుక్కల్ని ఒక్కొక్కటే ఊడబీకాడు. అత్తగారు గోటితో నొక్కి అతికించడం వల్ల చాలాసేపు పట్టింది. అంతసేపూ జనం ఊరుకోలేదు. ఏరు కాపురానికి వచ్చాక కోటలో ఎలా ఇమిడిందని ముందు వరసలోంచి ఎవరో అడిగారు. అత్తగారు అల్లుడి వైపు చూసింది. వరద తీశాక బావి అడుగున ఏం మిగిలిందో డాక్టరు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన తడబడిన చోట అత్తగారు అందుకుంది.

మొదటి బహుమతి టీచరుకీ, వాళ్ళక్కకీ వచ్చింది. ఒక్క వాక్యం కూడా వదలకుండా ఎనిమిది భాగాలూ చదివినందుకు, ఆ వారమే విడుదలైన పొగకోట తొమ్మిదో భాగాన్ని లైబ్రేరియన్ రెండు చేతులా ఎత్తి వాళ్ళకి అందించాడు. అక్కాచెల్లెళ్ళు అట్ట మీది బొమ్మను చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వకపోతే అంతమందిలో బాగుండదని నవ్వారు.

మర్నాడు టీచరు ఆ పుస్తకాన్ని తెచ్చి, వచ్చేపోయేవాళ్ళు చదువుకుంటారని క్లినిక్ వెయిటింగ్ రూమ్ బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆ బల్ల మీద అట్ట చిరిగిన వారపత్రికలు కూడా అప్పుడప్పుడూ మాయమవుతుంటాయి గానీ, తొమ్మిదో భాగం మాత్రం ఇంకా పెట్టినచోటే ఉంది.