ముందే వచ్చిన చీజు

మా ఆవిడ గ్రేతెకు మోకాలి నొప్పి రావడం నాకు బాగా కలిసొచ్చింది. ఈ మాట ఆవిడ చెవిన వెయ్యకండి, మీకు పుణ్యముంటుంది.

ఫోబోర్ రేవులో మాకు ఎనిమిది బల్లల హోటలుంది. మధ్యాహ్నం ఒక్కపూటే. రై గింజల నల్లరొట్టె మీద వెన్న, వెన్న మీద చేపో మాంసమో. వచ్చినవాళ్ళ చేతికి ఓ కాగితం, పెన్సిలు ఇస్తాం. నలభై రకాలలో కావలసినవాటి పక్క గడిలో వాళ్ళు టిక్కు పెడతారు. గ్రేతె ఆ కాగితం తీసుకుని రబ్బరుతో దిద్దుతుంది. అవును, దిద్దుతుంది. "ఐగిల్, నీకు పంది కాలేయం పడదు. పోయిన వారం ఏమైందో గుర్తులేదూ?" అని వాళ్ళు అడిగింది చెరిపేసి, తనకు తోచింది రాస్తుంది. ఎంతటివాడైనా నోరెత్తడు. ఆ తర్వాతే కాగితం వంటింట్లో నా దగ్గరికొస్తుంది.

ఇక అసలు సంగతి. అందులో ముప్పై నాలుగో నంబరు నాది. మూడు రోజులు కాఫీలో ఊరిన హెర్రింగ్ చేప. పదకొండేళ్ళ కిందట నేనే కనిపెట్టాను. ఈ పదకొండేళ్ళలో ఒక్క ప్లేటూ వంటగది గడప దాటలేదు. ఏ కాగితం చూసినా ముప్పై నాలుగు పక్క గడిలో రబ్బరు రుద్దిన మరకే. అంటే ఎవరో మహానుభావుడు టిక్కు పెట్టాడు, ఈవిడ చెరిపేసింది. ఒకరోజు కాదు, రోజూ. అడిగితే "నీ పని నువ్వు చూసుకో" అనేది.

నలభై ఏళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డవాడికి, తన సొంత వంటకం ఒక్కరైనా తింటుంటే చూడాలని ఉండదా? నాకుంది. చచ్చేంత ఉంది.

అందుకే డాక్టరు "ఆవిణ్ణి ఎక్కువ నడవనివ్వకండి" అనగానే నా బుర్రలో దీపం వెలిగింది.

"గ్రేతే, బల్లల మీద క్యూఆర్ కోడ్ అంటిద్దాం. వాళ్ళే ఫోనులో చూసుకుంటారు, వాళ్ళే నొక్కుకుంటారు. ఆర్డరు తిన్నగా నా దగ్గరికే వస్తుంది. నువ్వు హాయిగా కూర్చోవచ్చు."

"నా మోకాలి మీద నీకింత ప్రేమ ఎప్పట్నించి?"

"పెళ్ళయినప్పట్నించి."

"పెళ్ళప్పుడు నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. సరే, ఏ యాప్ తెస్తావో తీసుకురా, చూద్దాం."

మొదటిది చూపించాను. అది తినేవాళ్ళ పుట్టిన తేదీ, చిరునామా అన్నీ అడుగుతుంది, ఒక్క చెప్పుల సైజు తప్ప.

"మన బుధవారాల హోల్గర్ కెప్టెన్ తన వయసు ఇన్నేళ్ళయినా సొంత కూతురికే చెప్పలేదు, దీనికి చెబుతాడా?" అంది.

రెండోది ఉచితం. కాకపోతే మన హోటల్లో కూర్చున్నవాడికి మధ్యమధ్యలో పక్క వీధి హాంబర్గర్ బొమ్మ చూపిస్తుంది.

"బావుంది. వాడికి దారి కూడా చెబుతుందా?"

"చెబుతుంది," అన్నాను నిజాయితీగా.

మూడోది మాత్రం అద్భుతం. అరచేతిలో పట్టే నలుపూ తెలుపూ గళ్ళ ముక్క. దాని ముందు ఫోను పెట్టగానే నా నలభై రొట్టెలూ ఫోటోలతో సహా కళ్ళముందుకొచ్చాయి. ఒకటి నొక్కాను. గోడవతల వంటింట్లో చిన్న యంత్రం కిర్రుమని చీటీ కక్కింది. నేను పరుగెత్తుకెళ్ళి చూశాను. మళ్ళీ ఇవతలికొచ్చి నొక్కాను, మళ్ళీ వెళ్ళి చూశాను. అలా పదిహేనుసార్లు. మనిషి బుర్ర ఎంత గొప్పదో అనిపించి ఒళ్ళు జలదరించింది. పైగా దానికి సొంత తెలివి కూడా ఉందట, ఏది ముందు పంపాలో అదే చెబుతుందట.

"దీనికి రబ్బరుందా?" అంది గ్రేతె.

"లేదు."

నావైపు అదోలా చూసింది. "సరే, నీ ఇష్టం. నేను వద్దన్నానని రేపు అనకు."

అంత సులువుగా ఒప్పుకుంటే అనుమానించాలా వద్దా? నేను అనుమానించలేదు.

బుధవారం మొదలుపెట్టాం. ఆ రోజు ద్వీపాల మధ్య పడవలు నడిపి రిటైరైన ముసలాళ్ళు తొమ్మిదిమంది వస్తారు. గ్రేతెకు పెరట్లో ఎండలో కుర్చీ వేశాను, కాళ్ళకింద స్టూలు పెట్టాను, చేతికి అల్లిక ఇచ్చాను. వీధి గదిలోకి చూపు ఆనకుండా కుర్చీ గోడవైపు తిప్పాను కూడా.

తొమ్మిది ఫోన్లు పైకి లేచాయి. యంత్రం కిర్రు కిర్రుమంది. చీటీలు జలజలా రాలాయి. హోల్గర్ కెప్టెన్ ఏకంగా ఎనిమిది ఈల్ చేపల రొట్టెలు అడిగాడు. ఆ వయసులో ఆ ఆకలికి మనసులోనే దణ్ణం పెట్టాను. ఒక్కో చీటీలో ముప్పై నాలుగు కోసం వెతుకుతూనే, యంత్రం మొదట పంపమన్నవి చకచకా పట్టుకెళ్ళి బల్లమీద పెట్టి, వెనక్కి పరుగెత్తాను.

యంత్రం మొదట పంపమన్నది చీజు. దానికి కొయ్యడం తప్ప వంట లేదు కదా, త్వరగా అయ్యేది ముందు పంపమంది. నేనెందుకు పంపానంటారా? ఇన్నేళ్ళు గ్రేతె చెప్పింది వింటూ బతికిన ప్రాణం, ఎవరు చెప్పినా వింటుంది.

మా వైపు భోజనంలో మామూలు హెర్రింగ్ మొదట వస్తుంది, చీజు చివర వస్తుంది. చీజు వచ్చిందంటే భోజనం అయిపోయినట్టే, కృతజ్ఞతలు చెప్పి లేవడమే, ఇక మళ్ళీ కూర్చోరు. చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

నేను హెర్రింగ్ ప్లేట్లతో వచ్చేసరికి గది ఖాళీ. కుర్చీలు బల్లకిందికి పద్ధతిగా తోసి ఉన్నాయి. చీజు ప్లేట్లు ఊడ్చినట్టు ఖాళీగా ఉన్నాయి. కోట్లు లేవు, మనుషులు లేరు. కిటికీలోంచి చూస్తే రేవు గట్టుమీద బెంచీల్లో బిక్కచచ్చి కూర్చున్నారు.

పరుగెత్తాను. "ఏమైంది? భోజనం చెయ్యకుండా వచ్చేశారేం?"

"చేశాంగా," అన్నాడు ఐగిల్, ఎవరి మొహమూ చూడకుండా. "చీజు కూడా తిన్నాం. వంటింటివైపు తిరిగి కృతజ్ఞతలు చెప్పాం. చాలా బావుంది."

హోల్గర్ కెప్టెన్ మాత్రం టోపీ నలుపుతూ మెల్లగా అడిగాడు. "ప్రెబెన్, నిజం చెప్పు. నేను ఈవేళ హెర్రింగ్ తిన్నానా? నాకు బొత్తిగా గుర్తులేదయ్యా."

అప్పుడు అర్థమైంది. తొమ్మిదిమందిలో ప్రతివాడూ తిన్నది తానే మర్చిపోయాననుకున్నాడు. పక్కవాడిని అడగడానికి భయం. ఆకలితో మాడుతూ, చీజుకు మర్యాద చేసి, బయటికొచ్చి కూర్చున్నారు.

వెనకనించి కుంటుకుంటూ గ్రేతె వచ్చింది, చేతిలో ఖాళీ చీజు ప్లేటు.

"కెప్టెన్ గారూ, మీరేమీ మర్చిపోలేదు. అసలింకా తిననేలేదు. మర్చిపోయినవాడు ఇదిగో, మా ఆయన. భోజనం తోకవైపునించి పెట్టాడు."

కెప్టెన్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. అవి నవ్వుతో వచ్చిన నీళ్ళేనని నేననుకోను.

"కృతజ్ఞతలు చెప్పేశాం కదమ్మా, మళ్ళీ ఎలా కూర్చుంటాం?" అన్నాడు ఐగిల్.

"అవి అప్పుగా ఉంచుకుంటాను. లేవండి," అంది.

లేచారు. గ్రేతె వంటింటి కిటికీ దగ్గర నిలబడి, కాగితం లేదు, ఫోను లేదు, ఎవర్నీ ఒక్క ముక్క అడగలేదు, ఎవరికేం కావాలో గడగడా చెప్పుకుపోయింది. నేను దొంగచాటుగా ఆ తొమ్మిది చీటీలూ పక్కన పెట్టి చూసుకున్నాను. ఎనిమిది చీటీలు అక్షరాలా అవే! కెప్టెన్‌ది ఒక్కటే తేడా. "ఈల్ ఒకటి" అంది.

"ఎనిమిది అడిగాడు."

"వేళ్ళు వణుకుతాయి ఆయనకు. ఎనిమిదిసార్లు తగిలుంటుంది."

నేను ఆ యంత్రాన్ని చూశాను, మా ఆవిణ్ణి చూశాను. పదిహేనుసార్లు పరుగెత్తి అబ్బురపడింది ఈ యంత్రాన్ని చూసా అని తల్చుకుంటే సిగ్గేసింది.

మూడింటికి అందరూ వెళ్ళాక యాప్ లెక్క చెప్పింది. ముప్పై నాలుగు: చూసినవారు తొమ్మిదిమంది, అడిగినవారు సున్నా.

"ఇది చెడిపోయింది," అన్నాను. "నువ్వు చెరపలేదు కదా. మరి టిక్కులన్నీ ఏమయ్యాయి?"

గ్రేతె మోకాలు రుద్దుకుంది.

"పెడితే కదా చెరపడానికి."

"మరి ఆ మరకలు? రోజూ?"

"ఖాళీ గడే రుద్దేదాన్ని."

"పదకొండేళ్ళా! ఎందుకూ?"

"నామీద కోపమొస్తే సాయంత్రానికి మర్చిపోతావు. జనం వద్దన్నారని తెలిస్తే నువ్వు గరిటె పట్టుకోగలవా?"

ఇన్నేళ్ళు ఒకే కప్పుకింద ఉండి, ఈ మనిషి ఎంత పెద్దదో నేను కొలవనేలేదు. ఆవిడ ముందు చిన్నపిల్లాడిలా నిలబడిపోయాను.

"గుడ్లప్పగించి చూస్తావేం? ఆకలేస్తోంది. ఆ కాఫీ చేప ఒక ప్లేటు పట్రా."

తెచ్చి పెట్టాను. ఒక ముక్క కొరికింది. చాలాసేపు నమిలింది.

"ఎలా ఉంది?"

"ప్రెబెన్, ఈ చేప నీకేం ద్రోహం చేసింది?"

అని, ప్లేటు దగ్గరికి లాక్కుని, నేను చూస్తుండగా మొత్తం తినేసింది.