బరువు తగ్గినా ద్రవ్యరాశి భద్రం

తూకంలో మోసం అనే మాటను వాడుకలోంచి వెంటనే తీసేయాలి! ఇది నా డిమాండు.

నేను ఐ.పోలవరం దగ్గర ఓ హైస్కూల్లో సైన్సు మేస్టార్ని. ఏటా ఎనిమిదో తరగతికి ద్రవ్యరాశికీ బరువుకీ తేడా చెబుతాను. ఏటా పిల్లలు మర్చిపోతారు. ఆ పిల్లలే పెద్దవాళ్ళై, పొలాల్లో రొయ్యల చెరువులు తవ్వి, ఇప్పుడు కొనుగోలు షెడ్డు ముందు నిలబడి కాటా తప్పని గోల చేస్తున్నారు. తప్పెవరిది? నా పాఠం మర్చిపోయినవాళ్ళది కాదూ?

మళ్ళీ చెబుతాను, వినండి. ద్రవ్యరాశి అంటే వస్తువులో ఉన్న పదార్థం. అది ఎక్కడికెళ్ళినా మారదు. బరువంటే ఆ వస్తువును భూమి లాగే లాగుడు. అది చోటును బట్టి మారుతుంది. చంద్రుడి మీదైతే ఆరో వంతే! అలాంటప్పుడు మాణిక్యాలరావు గారి రొయ్యల షెడ్డులో కాస్త తగ్గిందని ఇంత రాద్ధాంతమా? చంద్రుడితో పోలిస్తే ఆయన ఎంతో ఉదారంగా ఉన్నట్టు లెక్క.

ఈమధ్య ఓ రోజు వీరలక్ష్మి గంప దించింది. కౌలుకు తీసుకున్న చిన్న చెరువు ఆమెది. ఈ పంట అమ్మితేనే మళ్ళీ చెరువులో రొయ్యపిల్ల వేయగలదు, లేకపోతే చెరువు వదులుకోవాలి. గంపను షెడ్డులోని స్ప్రింగు కాటాకి తగిలించారు.

“ఇంటికాడ త్రాసులో రాళ్ళేసి తూస్తే పది కిలోలండి. ఇక్కడ ఎనిమిదే చూపెడతందేంటండి?”

“దారిలో నీళ్ళు కారిపోయుంటాయమ్మా,” అన్నారు మాణిక్యాలరావు గారు.

నాకు ఒళ్ళు మండింది. నీళ్ళేమిటి, అవమానం! సైన్సు ఉండగా నీళ్ళెందుకు? “నీ రొయ్యల ద్రవ్యరాశి ఎక్కడికీ పోలేదమ్మా, బరువే తగ్గింది,” అని ధైర్యం చెప్పాను. ఆమె “ఆయ్” అంది గానీ, ధైర్యం వచ్చినట్టు కనిపించలేదు.

అసలు ఇలాంటి షెడ్డు ఉండటం మా అదృష్టం. చంద్రుడి మీదికి పంపేవాళ్ళకి ట్రైనింగు ఇక్కడే ఇవ్వొచ్చు. అమలాపురం డాక్టర్లు బరువు తగ్గమన్నవాళ్ళు తిండి మానక్కర్లేదు, ఆ కాటాకి ఓసారి వేలాడితే చాలు. ఇక పక్కనే ఉన్న కిరాణా కొట్టులోనా? అక్కడ భూమి గట్టిగా లాగుతుంది. భూమి అలిసిపోతే కొట్టాయన చిటికెనవేలు సాయం చేస్తుంది. ఒకే వీధిలో రెండు గ్రహాలు! ఇంకే మండలానికుంది ఈ వైభవం?

కిందటి శుక్రవారం మాణిక్యాలరావు గారి మనవడికి గుళ్ళో తులాభారం పెట్టారు. పిల్లాడి ఎత్తు బెల్లం ఇస్తామని మొక్కు. ఎంత బెల్లం కావాలో ముందే తెలియాలి కదా? పిల్లాడికి ఉయ్యాల కట్టి తమ షెడ్డులోనే తూచుకున్నారు. ఎనిమిది కిలోలు. అంతే బెల్లం తెచ్చారు.

గుళ్ళో ఒక తట్టలో పిల్లాణ్ణి కూర్చోబెట్టారు. రెండో తట్టలో బెల్లం మొత్తం పేర్చారు. పిల్లాడు లేవలేదు! పూజారి గారు “ఇంకా వెయ్యండి” అన్నారు. వెయ్యడానికి అక్కడేం లేదు. ఊరంతా చూస్తోంది.

“బెల్లం కొట్టోడు మోసం చేసేడండీ!” అని అరిచారు మాణిక్యాలరావు గారు.

ఆ మాట వాడకూడదని చెప్పాను కదా! అందుకే కల్పించుకున్నాను. త్రాసు రెండు తట్టల్నీ భూమి ఒకేలా లాగుతుందనీ, కాబట్టి అది తేల్చేది ద్రవ్యరాశినేననీ వివరించి, “పిల్లాణ్ణి ఎక్కడ తూచారండీ?” అని అడిగాను. వెనకనుంచి ఎవరో “షెడ్డులోనండి” అన్నారు. వెంటనే స్కూటరు పరిగెత్తింది, రెండు కిలోల బెల్లం వచ్చింది, పిల్లాడు లేచాడు, గంటలు మోగాయి. దేవుడికి తక్కువైంది పావుగంటలో సర్దుకుంది.

మర్నాడు అమలాపురం నుంచి ఆటోలో ఇత్తడి తట్టల కొత్త త్రాసు వచ్చింది. మరో గంపతో షెడ్డుకొచ్చిన వీరలక్ష్మి దాన్ని చూసి, కాటా కొక్కేనికి తగిలించబోతున్న గంపను గబగబా దించేసుకుంది. ఆటో షెడ్డు దాటి తిన్నగా మాణిక్యాలరావు గారింటికి పోయింది. మనవడు ఎదుగుతున్నాడు కదా, నెలనెలా సరిగ్గా తూచుకోవాలట.

వీరలక్ష్మి గంపను మళ్ళీ పాత కొక్కేనికే తగిలించింది. ముల్లు ఎనిమిది దగ్గర ఆగింది.

“చెరువు వదిలేయమంటారాండి మేస్టారూ?” అని అడిగింది.

అది నా సిలబస్‌లో లేదు. ద్రవ్యరాశి ఎక్కడికీ మాయం కాదని మాత్రం ఇప్పటికీ ఘంటాపథంగా చెబుతాను. ఆ తగ్గిన రొయ్యలు ఎక్కడున్నాయో తెలుసుకోవాలనుకునేవారు షెడ్డు వెనక్కి వెళ్ళండి. మాణిక్యాలరావు గారి మేడ మీద రెండో అంతస్తు లేస్తోంది.