నైవేద్యం కాని లడ్డూలు

ఆ మంగళవారం ఉదయం గిరిజ వేసుకున్న పథకం చాలా చిన్నది. రవ్వలడ్డూలు చుట్టాలి, డబ్బాలో సర్దాలి, దేవుడి కంట పడకుండా స్కూలుకు చేర్చాలి.

దేవుడితో ఆమెకు పేచీ ఏమీ లేదు. వచ్చిన చిక్కంతా కొడుకు బన్నీ స్కూలుతోనే. న్యూజిలాండ్‌లో వాళ్లుండే పాపటోయిటోయిలోని ఆ స్కూల్లో అన్నాళ్లూ మంగళవారం అరగంట బైబిలు క్లాసు ఉండేది. వద్దన్న వాళ్ల పిల్లలకు రంగు పెన్సిళ్లిచ్చి లైబ్రరీలో కూర్చోబెట్టేవారు. పక్కింటి షాలెం క్లాసులో, బన్నీ లైబ్రరీలో. ప్రాణ స్నేహితులు కదా, అరగంటసేపూ ఇద్దరూ ముఖాలు వేలాడేసుకునేవారు. 2016లో స్కూలు మనసు మార్చుకుంది. ఇకపై అన్ని మతాల పిల్లలూ ఒకే గదిలో కూర్చుని అందరి పండుగల గురించీ తెలుసుకుంటారు. మొదటి రోజు ఇంటికో తినుబండారం తేవాలి. అయితే ఇది ట్రయల్ మాత్రమేననీ, ఎవరు నొచ్చుకున్నా మళ్లీ పాత పద్ధతేననీ ప్రిన్సిపాల్ హెలెన్ ముందే చెప్పింది.

"మమ్మీ, ప్లీజ్, ఎవర్నీ అప్‌సెట్ చెయ్యొద్దు," అని బన్నీ వారం నుంచి బతిమాలుతున్నాడు.

షాలెం తల్లి విమలకుమారి ప్రసాదం ముట్టదు. అందుకే గిరిజ ప్రతి పండక్కీ నైవేద్యానికి ముందే వాళ్ల వాటా తీసి పక్కన పెడుతుంది. ఈసారి మొత్తం డబ్బానే పక్కన పెట్టి, నిశ్చింతగా స్నానానికి వెళ్లింది.

అప్పుడే ఆమె భర్త సుబ్బయ్య వేర్‌హౌస్‌లో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చాడు. పెళ్లయ్యాక ఏనాడూ తనంతట తాను అగరొత్తి వెలిగించని మనిషికి సరిగ్గా ఆ రోజే భక్తి పుట్టుకొచ్చింది. గంట చప్పుడు విని గిరిజ తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది. ప్రతి లడ్డూ మీదా ఒక ఎర్ర పువ్వు రేకు ఉంది.

"ఏం చేశారండీ!"

"నువ్వు మర్చిపోయావేమోనని నైవేద్యం పెట్టేశా. హెల్ప్ చేద్దామని."

"హెల్పా! వెనక్కి తీసుకోండి!"

"దేవుడి దగ్గర్నుంచా?"

రేకులు దులిపేద్దామనుకుని, అంతలోనే తప్పు తప్పని లెంపలేసుకుంది గిరిజ. లడ్డూలు మనవాళ్లు తింటారు, విమల వాళ్లకు బిస్కెట్లు కొందామని తేల్చింది. దారిలో వీధి చివరి కొట్టు దగ్గర కారు ఆపి ప్యాకెట్టు కొన్నారు. బెల్టు పెట్టుకునేందుకు ఆమె దాన్ని కాస్త డ్యాష్‌బోర్డు మీద పెట్టింది. అక్కడ చిన్న వినాయకుడు ఉన్నాడు. సుబ్బయ్య అలవాటు చొప్పున ఆయనకు దండం పెట్టుకుని కారు స్టార్ట్ చేశాడు.

"ఇప్పుడెందుకండీ ఆ దండం!" అంది గిరిజ ఏడుపు గొంతుతో. "ఇప్పుడు ఇవి కూడా ప్రసాదమేనా, కాదా?"

"సీల్ తియ్యలేదుగా," అన్నాడు సుబ్బయ్య, కానీ అతనికీ నమ్మకం కుదరలేదు.

స్కూలు పార్కింగ్‌లో విమలకుమారి కేకు పట్టుకుని అంతకంటే దిగులుగా నిలబడి ఉంది.

"మీకోసమని గుడ్డు లేకుండా చేశాను వదినా. నిన్న సాయంత్రం ఇంట్లో ఎవరి దారిన వాళ్లుంటే మా ఆయన దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేశారు. మీ ఇంటిల్లిపాదినీ పేరుపేరునా తలుచుకున్నారంట. ఇక మీరెలా తింటారు?"

గిరిజ తన కష్టం చెప్పుకుంది. ఇద్దరూ కలిసి ఆలోచించారు. ప్రసాదం ఒక బల్ల మీద, కేకు ఇంకో బల్ల మీద పెడితే ఎవరివి వాళ్లు తింటారు, ఎవరికీ బాధ ఉండదు. ఆ తెలివికి ఇద్దరూ తెగ మురిసిపోయారు.

హాల్లో రెండు బల్లలు చూసి, ఫిజీ నుంచి వచ్చిన ఫాతిమా కారణం అడిగింది. విన్నాక తన కబాబులకు మూడో బల్ల లాక్కుంది. "మాది వేరే చర్చి," అంటూ సమోవా దీవులవాళ్లు నాలుగోది వేశారు. ఒక సర్దార్జీ తాతగారు ఐదోది మోసుకొచ్చారు. ఎటూ తేలని బిస్కెట్లకు విడిగా ఒక బల్ల వేసి, సుబ్బయ్యను కాపలా పెట్టారు. పిల్లలను ఎవరి బల్ల దగ్గర వాళ్లను నిలబెట్టారు.

హెలెన్ స్కూలు బోర్డు వాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. అన్ని మతాల పిల్లలూ కలిసి కూర్చునే మొదటి రోజున, మతానికో బల్ల దగ్గర విడివిడిగా నిలబడిన పిల్లలను చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"లైబ్రరీనే బెటర్ మమ్మీ," అన్నాడు బన్నీ కళ్లనీళ్లతో. "అక్కడ పెన్సిల్స్ అయినా ఇస్తారు."

గిరిజ వాడి కళ్లు తుడిచింది. ఎవరినీ నొప్పించకూడదని తెల్లవారుజామున లేచి, చివరికి కన్నకొడుకునే ఏడిపించింది. బోర్డు పెద్దాయన తల అడ్డంగా ఊపుతూ, ఇది కుదిరే పని కాదన్నాడు.

ఆయన మాట పూర్తికాకముందే షాలెం హాలు దాటుకుని వచ్చి, రేకు రాలిపోని లడ్డూ చూసి మరీ నోట్లో వేసుకున్నాడు.

"షాలెం! అది ప్రసాదంరా!" అని కేక పెట్టింది విమలకుమారి.

"ఐ నో మమ్మీ. ఎవ్రీ ఫ్రైడే బన్నీ లంచ్‌బాక్స్‌లో తింటా. ఫ్లవర్ ఉన్నదే టేస్టీ."

గిరిజ బన్నీ కోసం చూసింది. వాడు అప్పటికే అవతలి బల్ల దగ్గర రెండు చేతులా కేకు తింటున్నాడు.

"నాన్నా, అది ప్రార్థన చేసిన కేకు..."

"ఐ నో. షాలెం వాళ్ల డాడీ, జయరాజు అంకుల్, ప్రేయర్ చేస్తుంటే ఆమెన్ చెప్పింది నేనే."

మిగతా పిల్లలు ఇంకెవరి అనుమతీ అడగలేదు. కబాబులు, లడ్డూలు, కేకు కలగాపులగమై నిమిషాల్లో బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. ఎవరూ ముట్టనివి సుబ్బయ్య కాపలా కాసిన బిస్కెట్లే. ట్రయల్ కొనసాగుతుందని హెలెన్ అక్కడికక్కడే చెప్పేసింది, కాకపోతే ఒక చిన్న మార్పుతో.

ఇప్పుడు ప్రతి మంగళవారం అరగంటసేపు అన్ని మతాల తల్లిదండ్రులనూ ఒకే గదిలో కూర్చోబెడుతున్నారు. బన్నీ, షాలెంలతో సహా పిల్లలందరినీ రంగు పెన్సిళ్లిచ్చి లైబ్రరీకి పంపేస్తున్నారు.