సుముహూర్తాన డిఫెన్స్

గ్వెల్ఫ్ తెలుగు భాషా పరిరక్షణ సంఘం అధ్యక్షులు విశ్వేశ్వరరావు గారు ఉగాది సభలో చరిత్రాత్మక ప్రకటన చేశారు. "కెనడా గడ్డ మీద తెలుగు పుస్తకంపై ఈగ వాలనివ్వను!" హాలు దొరికిన శనివారానికి జరుపుకొన్న ఉగాది అది. అందరూ చప్పట్లు కొట్టారు. పులిహోర ఇంకా రాలేదు కాబట్టి నేనూ కొట్టాను. సంఘానికి ఫోటోలు తీసేది నేనే.

అధ్యక్షులవారు పొట్టి అని నేననను. మహానుభావులను కొలవకూడదు. నిరుడు ఆయనే పూనుకుని మైకు దగ్గర ఎర్ర తివాచీ పరిచిన చిన్న వేదిక వేయించారు. అప్పట్నుంచి వెనక వరసలకు కూడా దర్శనమిస్తున్నారు.

ప్రసంగం మధ్యలో సూటు వేసుకున్న తెల్లాయనెవరో కవరుతో వచ్చి, "ప్రెసిడెంట్ ఎవరు?" అనడిగాడు.

"స్పాన్సరనుకుంటా సార్!" అన్నాడు కార్యదర్శి రంగనాథ్.

సూటులో వచ్చినవాణ్ణి శాలువా లేకుండా పంపడం మా సంఘంలో లేదు. వేదికెక్కించి కప్పారు. అతనిచ్చిన కాగితాలను అధ్యక్షులవారు రెండు చేతులా అందుకున్నారు. ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. దావా కాగితాలు మాకు అందలేదని ఇక ఎవరూ అనలేనంత స్పష్టంగా వచ్చింది.

దావా వేసింది సుధామయి గారు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భర్త కోదండరామ్ గారు పోయాక, ఆయన పుస్తకాలు నాలుగు వందల పన్నెండు, ఆయనే సర్దుకున్న అట్టపెట్టెలతో సహా సంఘానికి అప్పగించారు. ఏడాదిలో లైబ్రరీ పెట్టకపోతే తిరిగి ఇచ్చేస్తామని అధ్యక్షులవారే సంతకం చేశారు. లైబ్రరీ రాలేదు. పుస్తకాలెక్కడని ఆరు ఉత్తరాలు రాసినా జవాబు లేదు. చివరికావిడ చిన్న దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకెక్కారు.

"ప్రతి పేజీ అంచునా ఆయన పెన్సిల్‌తో ఏదో రాసుకునేవారు బాబూ," అన్నారు నాతో. "నా కళ్ళు మసకబారుతున్నాయి. పూర్తిగా పోయేలోపు ఆ రాతలు చదువుకోవాలి. అంతే."

'ఇప్పిస్తానమ్మా' అనబోయాను. సంఘం మనిషిని కదా, దగ్గినట్టు నటించాను.

అత్యవసర సమావేశం పెట్టారు. రంగనాథ్ కూతురు కావ్యశ్రీ లా చదువుతోంది.

"అంకుల్, ట్వెంటీ డేస్‌లో డిఫెన్స్, అంటే మన జవాబు, ఫైల్ చెయ్యాలి. లేకపోతే మనవైపు మాట వినకుండానే జడ్జిమెంట్ ఇచ్చేస్తారు. ఇట్స్ దట్ సింపుల్."

"ఇరవయ్యో రోజు ఏ తిథమ్మా?"

"ఫ్రైడే, అంకుల్."

అధ్యక్షులవారు పంచాంగం తిరగేసి ఉలిక్కిపడ్డారు. "శుక్రవారం అమావాస్య! అమావాస్యనాడు కోర్టుకెళ్ళి గెలిచినవాళ్ళున్నారా?"

"ఎవ్రీ మంత్ ఎవరో ఒకరు గెలుస్తారు అంకుల్."

"ఇక్కడ పుట్టిన పిల్లలకు లా తెలుసుగానీ లగ్నం తెలీదు," అని ఆయన రాజమండ్రి సిద్ధాంతిగారికి వాట్సాప్ చేశారు. అంతకుముందు రోజులేవీ పనికిరావట; ఇరవై మూడో రోజు, సోమవారం, పది గంటల నలభై రెండు నిమిషాలకు దివ్యమైన ముహూర్తం కుదిరింది.

పట్టుపంచె కట్టి, డిఫెన్స్‌కు నాలుగు మూలలా పసుపు రాసి, మేళం ఫోన్‌లో పెట్టుకుని కోర్టుకు వెళ్ళాం. కౌంటర్లో అమ్మాయి ఆ కాగితాన్ని అంచు పట్టుకుని చూసింది. "సారీ సర్. గడువు అయిపోయింది. అవతలివాళ్ళు పొద్దున తొమ్మిదికే వచ్చి మీ జవాబు రాలేదని డిఫాల్ట్ రాయించారు. ఇది తీసుకోలేం."

"ముహూర్తం దాటిపోతోందమ్మా!"

"దాటిపోయింది సర్," అందావిడ, పాపం మంచి మనిషి.

ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కేసు మళ్ళీ తెరుస్తారని కావ్యశ్రీ చెప్పింది. అధ్యక్షులవారు కారణం చూపించారు. పంచాంగంలో అమావాస్య పేజీని ఎగ్జిబిట్ 'ఏ'గా జతచేశారు. జడ్జిగారు దాన్ని తలకిందులుగా కూడా చూశారట. తర్వాత సుధామయి గారి మాట విని, పుస్తకాలన్నీ తిరిగి ఇచ్చేయాలని ఆర్డరేశారు.

"తెలుగు పుస్తకం గురించి కెనడా కోర్టు తీర్పు చెప్పింది! ఇది మన విజయం!" అని అధ్యక్షులవారు విజయోత్సవ సభ పెట్టించారు. ఆర్డరు అమలు చేయడానికి కోర్టు బెయిలిఫ్ ఆ సభకే వచ్చాడు. అతనికీ శాలువా కప్పారు.

"థాంక్యూ. పుస్తకాలెక్కడ?" అన్నాడు బెయిలిఫ్.

"భద్రంగా ఉన్నాయి," అన్నారు అధ్యక్షులవారు. వేదిక మీదే నిలబడి మైకు సర్దుకున్నారు.

బెయిలిఫ్ వెంట వచ్చి మొదటి వరసలో కూర్చున్న సుధామయి గారు లేచి వచ్చారు. వేదిక మూల దగ్గర తివాచీ కాస్త చిరిగి ఉంది. ఆవిడ అక్కడ కూర్చుండిపోయి, చిరుగులోంచి కనిపిస్తున్న అట్టముక్కకు ముఖం దగ్గరగా పెట్టి చూశారు.

"ఇది ఆయన చేతిరాతే," అన్నారు. "'కథలు, రెండో పెట్టె'."

బెయిలిఫ్ తివాచీ ఎత్తాడు. చెక్కపలక ఎత్తాడు. "సర్, కొంచెం కిందికి దిగుతారా?"

పద్ధెనిమిది పెట్టెలు ఒక్కొక్కటే బయటికెళ్ళాయి. సుధామయి గారు ప్రతిదాన్నీ తడిమి పంపారు. అంతసేపూ అధ్యక్షులవారు నేల మీద నిలబడే భాషా సేవ మీద ప్రసంగం ఆపలేదు. రెండో వరస నుంచి వెనక్కి గొంతు మాత్రం బాగా వినిపించింది.

ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టాను. మైకు చాలా స్పష్టంగా వచ్చింది.