కొత్త వ్యాన్‌కు కన్నం

ఆ గురువారం పెంచలయ్య పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నంలోగా కంపెనీ కొత్త వ్యాన్‌లో హీటర్ బిగించాలి. ఆ తర్వాత రూమ్‌కు పోయి, ఒంటికి పట్టిన గ్రీజు వదిలేదాకా స్నానం చేసి, శుక్రవారం సాయంత్రం వరకు మంచం దిగకూడదు. అక్కడ శుక్రవారం సెలవు, గురువారం సగం డ్యూటీయే కాబట్టి ఇది అత్యాశేమీ కాదు.

రాజంపేట పక్క నుంచి ఒమాన్ వచ్చి, అల్ మవాలేలోని కంపెనీ షెడ్‌లో అతను పదకొండేళ్లుగా బండ్లకు ఏసీలు బిగిస్తున్నాడు. ఇన్నేళ్లలో హీటర్ కావాలని అడిగిన మనిషి ఒక్కడూ లేడు. అందుకే 1993 డిసెంబర్‌లో జర్మనీ నుంచి హీటర్ దిగిందని తెలియగానే పక్క సెలూన్‌వాళ్లు, ఎదురు చాయ్ దుకాణంవాళ్లు వంతులవారీగా వచ్చి అట్టపెట్టెను చూసి నవ్వుకుని పోయారు.

కారణం కొండ. జబల్ అఖ్దర్ మీద కంపెనీ నీళ్ల ట్యాంకు కడుతోంది. పైన తెల్లవారేసరికి బకెట్లో నీళ్లు గడ్డకట్టి ఉంటున్నాయి. కూలీలకు రావాల్సిన క్యాబిన్లు ఇంకా రాలేదు. అవి వచ్చేదాకా డ్రైవర్ పోచన్న, ఇంకో ఏడుగురు ఆ వ్యాన్‌లోనే తలుపులు బిగించుకుని పడుకోవాలి.

హీటర్ చూడ్డానికి చిన్నదే. ట్యాంకులోంచి బొట్టుబొట్టుగా డీజిల్ తాగి కడుపులో మండించుకుంటుంది. ఆ వేడి తగిలిన మంచి గాలిని బండిలోకి ఊదుతుంది. మండిన పొగ మాత్రం వేరే గొట్టంలోంచి కిందికి, బండి బయటికి పోవాలి. అంటే నేలకు కన్నం పెట్టాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

"కన్నం గిన్నం ఏం వద్దు," అన్నాడు షెడ్ మేనేజర్ రషీద్. మలక్‌పేట మనిషి, పని తెలియకపోయినా పని చెప్పడం బాగా తెలుసు. "పైప్ కిటికీలకెల్లి బయటికి తియ్యి, సందుల గుడ్డ కుక్కు. ఖతం. అర్బాబ్ హుకుం."

అర్బాబ్ అంటే యజమాని. ఆయనకు బండి కొత్తగా ఉండటం ముఖ్యం. సీట్లకు షోరూమ్‌వాళ్లు తొడిగిన ప్లాస్టిక్ ఉన్నంతకాలం ఏ బండైనా కొత్తదేనని ఆయన నమ్మకం. తన కారులో మూడేళ్లుగా ప్లాస్టిక్ మీదే కూర్చుంటూ ప్రతి వేసవిలోనూ సీటుకు అంటుకుపోతున్నాడు. చలికాలం అయిపోగానే ఈ వ్యాన్‌ను కొత్తదని చెప్పి అమ్మేయాలని ఆయన ఆలోచన.

"కిటికీలోంచి తీస్తే అతుకుల కాడ పొగ కారుతాది భాయ్," అన్నాడు పెంచలయ్య. "అందులో ఉండే ఇసానికి వాసన గూడా ఉండదు. నిద్దర్లో ఉన్నోడు ఇంగ లెయ్యడు. ఈ బొమ్మ సూడు."

హీటర్‌తో వచ్చిన పుస్తకంలో అక్షరాలు జర్మన్‌వి. బొమ్మలు మాత్రం అందరివీ. ఒక బొమ్మలో మనిషి పడుకుని ఉన్నాడు, పక్కన గొట్టం ఉంది, వాటి మీద పెద్ద ఇంటూ గుర్తు ఉంది.

రషీద్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "సాఫ్ కనబడుతుంది కద? హీటర్ పెట్టుకొని పండుకోవద్దు, డ్యూటీ చెయ్యాలె అంటుండు. జర్మనీవాళ్లు కష్టపడే మనుషులు."

పెంచలయ్యకు ఒళ్లు మండిపోయింది. ఏడేళ్ల కిందట ఒక క్యాంపులో చలికి తాళలేక ఇద్దరు కుర్రాళ్లు బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపేసుకున్నారు. తెల్లవారి ఆ తలుపు పగలగొట్టింది అతనే. వాళ్ల ముఖాలు నిద్రపోతున్నట్టే ఉన్నాయి. ఆ పూట నుంచి ఈ విషయంలో అతను ఎవరి మాటా వినదలచుకోలేదు.

"వీసా క్యాన్సిల్ చేసి పంపినా సరే భాయ్. ఎనిమిది మందికి నా సేత్తో పాడె కట్టను. బొక్క పెట్టే తీరతా."

వ్యాన్ కిందికి దూరి, బ్రేకు పైపు ఎక్కడుందో, డీజిల్ ట్యాంకు ఎంత దూరంలో ఉందో చూసుకుని సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. బయటికి వచ్చేసరికి డ్రిల్ మెషీన్ లేదు. రషీద్ దాన్ని ఆఫీసు గదిలో పెట్టి తాళం వేసుకున్నాడు. పెంచలయ్య ఉలి, సుత్తి తీసుకున్నాడు. రషీద్ పోయి వ్యాన్‌లో సరిగ్గా ఆ సుద్దగుర్తుకు పైన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు కొట్టు, చూస్త."

పెంచలయ్య మళ్లీ వ్యాన్ కిందికి దూరి కింది నుంచి కొట్టాడు.

రషీద్ లేచిన వేగానికి తల పైకప్పుకు తగిలింది. ఆ కేక సెలూన్ దాకా వినిపించింది. సగం గడ్డం గీసుకున్న మనిషి తువ్వాలుతో సహా పరుగెత్తుకొచ్చాడు. పెంచలయ్య వ్యాన్‌కు కన్నం పెడుతున్నాడని అతను చాయ్ దుకాణంలో చెప్పాడు. పెంచలయ్య వ్యాన్ పగలగొడుతున్నాడని చాయ్ దుకాణంవాడు అర్బాబ్ డ్రైవర్‌కు ఫోన్ చేశాడు. పిచ్చెక్కిన పెంచలయ్య సుత్తి పట్టుకుని రషీద్‌ను తరుముతున్నాడని డ్రైవర్ అర్బాబ్‌కు విన్నవించాడు.

అర్బాబ్ వస్తున్నాడని రషీద్‌కు తెలిసింది. చాయ్ దుకాణంవాళ్ల చేత పెంచలయ్యను కాళ్లు పట్టి వ్యాన్ కింద నుంచి ఈడ్పించి, పాత టైరు మీద కూర్చోబెట్టి, కదలకుండా ఇద్దరిని కాపలా ఉంచాడు. తనే చొక్కా చేతులు మడిచి ఇరవై నిమిషాల్లో హీటర్‌ను ముందు సీటు కింద ఇరికించాడు. పొగ గొట్టాన్ని కిటికీ సందులోంచి బయటికి తీసి, మిగిలిన సందులో పాత లుంగీ కుక్కాడు. ఉలి దెబ్బకు నేల మీద లేచిన ఉబ్బు మీద పట్టా పరిచాడు.

అర్బాబ్ కారు దిగగానే సుత్తి కోసం చూశాడు, తర్వాత రషీద్ నెత్తి మీది బొప్పి చూశాడు. ఇన్నేళ్లూ పనివాళ్ల దగ్గర నేర్చుకున్న హిందీలో, "క్యా ముష్కిల్ హై?" అన్నాడు.

"ముష్కిల్ ఏం లేదు అర్బాబ్. కన్నం లేకుండ ఫిటింగ్ అయిపోయింది. ఎక్కి కూర్చోండి, చూపిస్త," అన్నాడు రషీద్.

పెంచలయ్య కాపలావాళ్లను విదిలించుకుని వచ్చి వ్యాన్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. అర్బాబ్ ముందు అలా నిలబడ్డ పనివాడు ఆ షెడ్‌లో అంతవరకు లేడు.

"ఒక్క మనిషి గూడా ఎక్కేదానికి ల్యా. ఎక్కాలంటే నన్ను తొక్కి ఎక్కండి. హీటర్ ఏసి సూడాలంటే ఖాళీ బండిలో సూడండి."

అర్బాబ్‌కు కోపం వచ్చిందో, ముచ్చటేసిందో ఎవరికీ అర్థం కాలేదు. సరే, ఖాళీ బండిలోనే వెయ్యండి అన్నాడు. అన్ని అద్దాలూ ఎత్తి హీటర్ వేశారు. పావుగంట సేపు అందరూ చుట్టూ నిలబడ్డారు. అద్దం మీద చెయ్యి పెట్టి రషీద్, "చూడుండ్రి, కొలిమి లెక్క అయింది," అంటూ ఒక్కొక్కరినీ పిలిచి చేతులు పెట్టించాడు.

అంతలో పోచన్న వచ్చాడు. పొద్దున్నే బర్కా ఊరికి పోయి, కొండ మీద వండుకోవడానికి అక్కడి తోటలోంచి బతికున్న కోడిపుంజును తెచ్చి, బట్టల మూట కోసం మళ్లీ రూమ్‌కు పోయిన మనిషి. అద్దాలెత్తిన వ్యాన్‌ను చూసి మూట కింద పడేశాడు.

"అయ్యో, నా పుంజు! ఎనుక సీటు కింద డబ్బల పెట్టిన!"

తలుపు తీశారు. కళ్లు మండేంత వేడిగాలి బయటికి కొట్టింది. మనుషులను దూరంగా తోసి, పెంచలయ్య ముక్కు మూసుకుని డబ్బా లాక్కొచ్చాడు. పుంజు కాళ్లు చాపి, మెడ వాల్చేసి ఉంది.

"ఊపిరుంది! చప్పున కొయ్యుండ్రి, లేకుంటే హలాల్ కాదు!" అని రషీద్ చాకు కోసం పరుగెత్తాడు.

"దాన్ని ముట్టుకుంటే ఊరుకోను!" పెంచలయ్య డబ్బాను గుండెకు హత్తుకున్నాడు. "ఇది నా సాచ్చెం!"

పుంజును చాయ్ దుకాణం అరుగు మీద గాలికి పెట్టి నీళ్లు చిలకరించారు. చాలాసేపటికి అది ఒక కన్ను తెరిచింది, లేచింది, తాగినవాడిలా నాలుగడుగులు వేసి పడింది. ఎవరూ నవ్వలేదు.

అర్బాబ్ పుంజును చూశాడు, కిటికీలో లుంగీని చూశాడు. "మనిషయితే?" అన్నాడు.

"మనిషయితే నిద్దరపోతాడు అర్బాబ్. అంతే," అన్నాడు పెంచలయ్య.

అర్బాబ్ రషీద్ వైపు తిరిగి అరబిక్‌లో రెండే మాటలన్నాడు. రషీద్ డ్రిల్ తెచ్చి రెండు చేతులతో అందించాడు.

పెంచలయ్య నేలకు కన్నం పెట్టాడు. అంచులు అరగదీసి, రబ్బరు వేసి, పిసరంత గాలి కూడా పైకి రాకుండా ఇనుపరేకుతో బిగించాడు. పొగ గొట్టాన్ని డీజిల్ పైపుకు దూరంగా, తలుపుకు అవతలి పక్కకు తిప్పి బయటికి తీశాడు. మంట పీల్చే గాలి కూడా కింద నుంచే వచ్చేట్టు పెట్టాడు. అన్నీ అయ్యాక అద్దాలెత్తుకుని తనే లోపల గంటసేపు కూర్చున్నాడు. బయట పోచన్న నిమిషానికోసారి అద్దం కొట్టి, "అన్నా, ఉన్నవా?" అంటూనే ఉన్నాడు. వ్యాన్ సాయంత్రం కొండెక్కింది. ఎనిమిది మందీ మర్నాడు పొద్దున లేచి చాయ్ తాగారని సైట్ నుంచి కబురొచ్చింది. అది విన్నాక గానీ పెంచలయ్యకు నిద్ర పట్టలేదు.

శనివారం డ్యూటీకి వచ్చేసరికి షెడ్ ముందు బండ్లు రోడ్డు మలుపు దాకా బారు తీరి ఉన్నాయి. టిప్పర్లు, నీళ్ల ట్యాంకర్, ఆఫీసు జీపు, అన్నిటికంటే ముందు అర్బాబ్ సొంత కారు. రషీద్ చేతిలో కాగితం ఉంది.

"అర్బాబ్ హుకుం. కన్నం లేని బండి ఒక్కటి కూడ గేటు దాటొద్దంట. మనుషుల ప్రాణాలు ముఖ్యం. షురూ చెయ్యి."

"వీటికి హీటర్ యాడుంది భాయ్? హీటర్ లేని బండికి బొక్కెందుకు?"

"నాకేం ఎరుక? నువ్వే కద బొక్క బొక్క అని ప్రాణం తీసినవ్?"

పెంచలయ్య చేతులు కట్టుకుని అర్బాబ్ కారుకు అడ్డంగా నిలబడ్డాడు. "వీసా క్యాన్సిల్ చేసినా సరే, పెట్టను గాక పెట్టను."

రషీద్ నిట్టూర్చి ఫోన్ తిప్పాడు. "అర్బాబ్, పెంచలయ్య మళ్ల మొండికేసిండు. ఈసారి కన్నం పెట్టనంటుండు."

ఈ మనిషికి అసలేం కావాలో అర్బాబ్‌కు చివరిదాకా అర్థం కాలేదు.