చేపకన్నా ముందుమాటే రుచి

అయ్యలారా, అమ్మలారా! ఇంటర్నెట్టులో వంటలు నేర్పేవాళ్ళు వంట చెప్పబోయే ముందు తమ జీవితచరిత్ర రాస్తారని కొందరు తిట్టిపోస్తున్నారు. ఉప్పెంతో చెప్పమంటే ఊసులు చెబుతారేమిటని సణుగుతున్నారు. కృతఘ్నులు! ఆ ముందుమాటే లేకపోతే మన గతేమిటి? చకచకా వండుకుని, వేడివేడిగా తినేసి, చేతులు కడుక్కుని, ఆ తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చోవలసి వచ్చేది. అంత ప్రమాదాన్ని తప్పిస్తున్న పుణ్యాత్ముల మీదా మన కోపం?

ముందుమాట వల్ల ఆరోగ్యం కూడా బాగుపడుతుంది. మా ఎదురింటి పళ్ళ డాక్టరు తన కొడుకు పుట్టినరోజు కేకు కోసం ఒక ముందుమాట చదవడం మొదలుపెట్టాడు. అది ముగిసేసరికి కొవ్వొత్తులు ఊదాల్సిన కుర్రాడికి మీసాలొచ్చాయి. కేకు లేకపోతేనేం, ఒక్క పన్నయినా పుచ్చలేదు!

చల్లకొచ్చి ముంత దాచడం దేనికి? నా వాదనకు బలమైన సాక్ష్యం వెంట తెచ్చాను. మా వీధి చివర మేడమీద వాటాలో కామాగారని ఒకాయన ఉంటారు. ప్రెస్సులో ప్రూఫ్‌రీడరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఉండాల్సిన చోట కామా లేకపోతే ఆయనకు అన్నం సహించదు కాబట్టి వీధి వీధంతా ఈ పేరే ఖాయం చేసింది. ఒక్క అక్షరం వదిలి ముందుకు పోవడం ఆయన ఎరగరు. మందు డబ్బాలో వచ్చిన కాగితం మడతలు విప్పి, కంపెనీ చిరునామా దాకా చదివాకే మాత్ర మింగుతారు. ఆలోగా జ్వరమే విసుగుపుట్టి దిగిపోతుంది.

ఆయన భార్య సిటీ బస్సు నడుపుతుంది. మొన్న పొద్దున డ్యూటీకి బయలుదేరుతూ, సాయంత్రం మీ అందరికీ ఒక మాట చెప్పాలి అంది. ఆ మాటేమిటో మీకు ఇప్పుడే చెప్పేస్తాను, నా దగ్గర దాపరికాల్లేవు. కొత్తగా చేరే డ్రైవర్లకు బస్సు నేర్పే పని డిపోవాళ్ళు ఆవిడకు అప్పగించారు. ఆ డిపో పుట్టాక ఆ పని ఒక ఆడమనిషి చేతికి రావడం ఇదే మొదలు. ఆ కబురు గుమ్మంలో నిలబడి చెప్పడం ఆవిడకు ఇష్టం లేదు. అందరూ తీరిగ్గా కూర్చున్నప్పుడు, వాళ్ళ మొహాలు చూస్తూ చెప్పాలని రోజంతా నాలుక చివర పెట్టుకుని తిరిగింది.

కామాగారు మాత్రం తక్కువవారా? వెంటనే మాటిచ్చేశారు. "నువ్వు రా, కూర్చో, తిను, చెప్పు. ఈ పూట వంటింటి గడప తొక్కావంటే ఊరుకోను. సాల్మన్ చేప ఓవెన్లో పెడతాను. చాలా ఈజీ అట."

మధ్యాహ్నం ఆ రెసిపీ లింకు కూడా ఆవిడకు పంపించారు, ఊరించడానికి.

సాయంత్రానికి సరంజామా అంతా సిద్ధం. గులాబిరంగు చేప ముక్కలు, నిమ్మకాయలు, వెన్న, వెల్లుల్లి. కామాగారు ఏప్రాన్ కట్టుకుని, ఫోనును ఉప్పు డబ్బాకు ఆనించి పేజీ తెరిచారు. పైన పెద్దక్షరాల్లో 'పావుగంటలో బేక్డ్ సాల్మన్, ఈజీ ఫ్యామిలీ డిన్నర్' అని ఉంది. ఆ కింద ముందుమాట మొదలైంది.

మీరూ నేనూ అయితే వేలితో సర్రున పైకి తోసేస్తాం. కామాగారు తోస్తారా? రాసినావిడ చిన్నప్పుడు సముద్రాన్ని చూసి జడుసుకుందట. చదివారు. వాళ్ళ నాన్న భుజాలమీద ఎక్కించుకుని అలలు చూపించాడట. చదివారు. పెద్దయ్యాక ప్రేమించింది ఒకణ్ణి, పెళ్ళాడింది మరొకణ్ణట. ఇక్కడికి వచ్చేసరికి ఆయనకు ఉండబట్టక పైకే చదవడం మొదలుపెట్టారు.

హాల్లో సీరియల్ చూస్తున్న ఆయన తల్లి టీవీ కట్టేసి వచ్చింది. ఇదేమన్నా మామూలు విషయమా! ఇల్లు తగలబడుతోందన్నా ప్రకటనలు వచ్చేదాకా కుర్చీలోంచి లేవని మనిషి. కాలేజీ నుంచి వచ్చిన కూతురు ఇయర్‌ఫోన్లు పీకేసి వంటగట్టు ఎక్కి కూర్చుంది. మూడు తరాలు ఒక్క ఫోను చుట్టూ చేరాయి. కుటుంబమంతా కలిసి కూర్చోవాలని ఊరూరా ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఏనాడైనా ఇంత సాధించారా?

కథ పాకాన పడింది. రాసినావిడ కుక్క తప్పిపోయింది. వింటున్న నానమ్మ ముక్కు చీదింది. కుక్కను వెతకడానికి వెళ్ళిన మొగుడు తిరిగి రాలేదు, కుక్క మాత్రం వచ్చింది. పోనీలే, ఉండాల్సిందే మిగిలింది అని నానమ్మ తేల్చేసింది. చివరికి ఆవిడ ఒంటరిగా వంటింట్లో కూర్చుని, ఇన్నేళ్ళలో ఒక్కరూ నన్ను నీ సంగతేమిటని అడగలేదు అని రాసిన చోట ముగ్గురికీ దుఃఖం ఆగలేదు. కామాగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ పేరాలో రెండు అచ్చుతప్పులు కనబడ్డా క్షమించేశారంటే ఎంత కరిగిపోయారో మీరే ఊహించుకోండి!

మరి చేప సంగతి? ప్లేటులో పడుకుని అదీ కథ వింటోంది.

సరిగ్గా అప్పుడు డ్రైవరమ్మ వచ్చింది. ఒంటిమీద యూనిఫాం, మొహంలో వెలుగు. చెప్పులు విప్పుతూనే అంది, "ఏవండీ, పొద్దున ఒక మాట చెప్పాలన్నాను కదా."

"ఒక్క నిమిషం ఆగవోయ్. ఈ కథలో ఆవిడ కొడుకు ఫోన్ చేస్తాడో లేదో ఇప్పుడే తేలిపోతుంది," అన్నారు కామాగారు, తలెత్తకుండా.

ఆవిడ ఆగింది. తేలేట్టు కనబడకపోయేసరికి చేతులు కడుక్కుని, చేపకు ఉప్పూ మిరియాలపొడీ పట్టించి, వెల్లుల్లి దంచి కలిపిన వెన్న పూసి, నిమ్మచక్రాలు పేర్చి ఓవెన్లోకి తోసింది. ఎంత వేడిమీద ఎంతసేపు పెట్టాలో ఆవిడకెలా తెలుసని మీరు అడగవచ్చు. పేజీ అట్టడుగున నాలుగు లైన్లుంటాయి. దారిలోనే తన ఫోనులో అవి చూసుకుని వచ్చింది. మొగుడి సంగతి తెలిసిన ఇల్లాలు!

చేప బ్రహ్మాండంగా కుదిరింది. కామాగారు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, నేను ఈజీ అన్నానా లేదా అని గర్వంగా అందరివైపూ చూశారు. డ్రైవరమ్మ మళ్ళీ మొదలుపెట్టింది, నిన్న డిపోలో ఏమైందంటే అని. అత్తగారు అందుకుంది, ఆ కొడుకు ఫోన్ చేశాడే అమ్మాయ్ అని. మా మేనేజరు పిలిచి అని ఆవిడ అనబోయేలోగా కూతురు అందుకుంది, ఆ కుక్క ఫోటో కూడా ఉందమ్మా అని. ఆ పేజీ కింద బోలెడు కామెంట్లున్నాయనీ, రేపు టిఫిన్ దగ్గర ఒక్కటీ వదలకుండా చదివి వినిపిస్తాననీ కామాగారు సభాముఖంగా ప్రకటించారు.

ఆవిడ లేచింది. ప్లేట్లు తీసి కడిగింది. మనసు చివుక్కుమంది. ఇంత సరదా వ్యాసంలో ఈ ఒక్క మాటా సరదాగా చెప్పడం నాకు చేతకావడం లేదు, మన్నించండి.

మర్నాడు డ్రైవరమ్మ తెల్లవారుతూనే డ్యూటీకి వెళ్ళిపోయింది. అన్నమాట ప్రకారం కామాగారు టిఫిన్ దగ్గర కామెంట్ల పారాయణం మొదలుపెట్టారు. చేపకు బదులు బంగాళదుంప వేశాననీ, చేప రుచి బొత్తిగా రాలేదనీ, అందుకని ఒక్క స్టారే ఇస్తున్నాననీ ఒకాయన రాశాడు. న్యాయమే అనుకున్నారు. ఆ తర్వాతి కామెంటు రాత్రి పెట్టింది.

"మీరు చెప్పినట్టే చేశాను. చేప వెన్నలా విడిపోయింది, ఇంట్లోవాళ్ళు ముక్క మిగల్చలేదు. నేను బస్సు నడుపుతాను. కొత్త డ్రైవర్లకు నేర్పే పని నిన్న నాకిచ్చారు. మా డిపోలో ఆడవాళ్ళకు రావడం ఇదే మొదటిసారి. ఇంట్లో చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను, కుదరలేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించి ఇక్కడ రాస్తున్నాను."

నానమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఎవరు కన్న బిడ్డో పాపం, ఆ మొగుడు మనిషా మానా అని శాపనార్థాలు పెట్టింది. ముమ్మాటికీ మానే అని కామాగారు తీర్పు చెప్పారు. "ఎంత విచిత్రమే అమ్మా, మన ఇంట్లో కూడా బస్సు నడిపే మనిషే ఉంది. సాయంత్రం రాగానే ఈవిడ కథ తనకు చెప్పాలి."

కూతురు నోటిదాకా వెళ్ళిన ముక్కను ప్లేటులో పెట్టేసి, "నాన్నా," అంది. ఉండవే, ఇంకా కామెంట్లున్నాయి అని ఆయన చెయ్యి అడ్డుపెట్టారు.

చెయ్యి అడ్డుపెట్టి ఊరుకున్నారా? కరిగిన గుండెతో, ఒక్క అచ్చుతప్పు లేకుండా జవాబు కూడా రాశారు. "చెల్లెమ్మా! నీ విజయం చదివి మా ఇంటిల్లిపాదీ కంటతడి పెట్టాం. నీ మాట వినేవాళ్ళు మీ ఇంట్లో ఒక్కరూ లేరా తల్లీ?"

చూశారా మరి! ముందుమాటలూ వాటి కింద కామెంట్లూ లేకపోతే ఆ కబురు ఏనాటికైనా ఆ ఇంటికి చేరేదా? ఇకనైనా తిట్లు మానండి. ఇంట్లో ఎవరితోనైనా ఏదైనా చెప్పుకోవాలనిపిస్తే ఎదురుగా నిలబడి గొంతు చించుకోకండి, ఒక మంచి వంట పేజీ చూసుకోండి.

మధ్యాహ్నం భోజనాల వేళ, డిపోలో బస్సు ఆపుకుని, చెల్లెమ్మ తిరుగు జవాబు పంపింది.

"వింటారు అన్నయ్యగారూ. కాకపోతే ముందు చేప గురించి రాయాలి."