ఒకే సంసారం, ఒకే ఖాతా

సొంతంగా చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ళకు ఇంటి ఖాతా వేరు, వ్యాపారం ఖాతా వేరు ఉండాలని బోధించేవాళ్ళు మీకెక్కడైనా ఎదురుపడితే చప్పున పక్క సందులోకి తప్పుకోండి. వాళ్ళు సంసారాలు విడగొట్టే మనుషులు!

మీరే ఆలోచించండి. ఒకే కప్పు కింద పడుకుంటాం. ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటాం. ఒకే సబ్బును అరిగి చేతిలోంచి జారిపోయేదాకా అందరం వాడుకుంటాం. డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీది నీదీ, నాది నాదీనా? ఇదేం పద్ధతండీ?

నా మాట మీద నమ్మకం కుదరకపోతే మా పిన్ని సంగతి వినండి.

మా పిన్ని కర్టెన్లు కుడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, గోడ పొడవునా నిలబెట్టిన గుడ్డ తానులు, మూల డబ్బాలో కడ్డీలకు ఎక్కించే రింగులు. గుండుసూదులు పెదాల మధ్య బిగించి కుచ్చిళ్ళు పడుతున్నప్పుడు ఎవరు పలకరించినా తల ఊపుతుందే తప్ప మాట్లాడదు. బహుశా అందుకే ఆ ఇంట్లో చాలా నిర్ణయాలు ఆ సమయంలోనే జరిగిపోతుంటాయి.

పిన్నికి ఉన్నది ఒక్కటే ఖాతా. కర్టెన్ల డబ్బు అందులోనే పడుతుంది, ఇంటి ఖర్చు అందులోంచే పోతుంది. ఖాతా తెరిచిన రోజున పిన్ని ఫోను బాగుకు ఇచ్చి ఉండటంతో బాబాయి నంబరు రాయించారు. ఆ తర్వాత అది అలాగే ఉండిపోయింది; ఫోనుతో ఆ ఖాతాలోంచి చెల్లించేదీ బాబాయే. ఎవరైనా పిన్నికి డబ్బు పంపితే అక్కడెక్కడో ఆఫీసులో బాబాయి చొక్కా జేబు టింగుమంటుంది. ఆయన ఫోన్ చేసి, “ఏమోయ్, మనకి డబ్బులు పడ్డాయి!” అంటాడు. తన కష్టానికి ఫలితం దక్కిందన్న కబురు కట్టుకున్నవాడి నోటనే వినే భాగ్యం ఎంతమందికి పడుతుంది?

వేరు ఖాతాలున్న ఇళ్ళలో ఏం జరుగుతుందో తెలుసా? ఈ నెల ఇంత లాభం, ఆ నెల ఇంత నష్టం అని తెలిసిపోతుంది. తెలిస్తే ఇంకేముంది, దిగులు! దిగులుతో పాటు మాత్రలు! మా పిన్నికి ఆ బాధ లేదు. ఏళ్ళ తరబడి కుడుతోంది. లాభంలో ఉందో నష్టంలో ఉందో ఈ రోజుకీ తెలియదు. తెలియని నష్టం మనిషిని ఎలా బాధపెడుతుంది చెప్పండి?

ఇక బ్యాంకు స్టేట్‌మెంటు. వ్యాపారం ఖాతాది చదివారా ఎప్పుడైనా? గుడ్డ, దారం, గుడ్డ, దారం. అంత నీరసమైన చదువు మరొకటి ఉండదు. మా పిన్నిది అలా కాదు. లైనింగు గుడ్డ, ఆ కింద బాబాయి జుట్టుకు రంగు, ఆ కింద ఇత్తడి కడ్డీలు, ఆ కింద పిన్ని కూతురు, అదే మా చెల్లి, నాలుగు రోజులు వెళ్ళి మానేసిన జిమ్ము, ఆ కింద దారం ఉండలు, ఆ కింద బాబాయి వాళ్ళ అన్నయ్యకు కట్టుడు పళ్ళు. అచ్చమైన కుటుంబ నవల!

టాక్సు లెక్కలు రాసిపెట్టే ఆయన ఒకసారి ఆ నవలంతా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“అమ్మా, ఈ మంచం వ్యాపారానిదా, ఇంటిదా?”

“పగలు దానిమీద గుడ్డ పరిచి కత్తిరిస్తానండీ. రాత్రి పడుకుంటాం,” అంది పిన్ని.

“అయితే సగం వ్యాపారం కింద రాద్దాం.”

“ఏ సగం?” అన్నాడు బాబాయి కంగారుగా. “గోడవైపు నాదండీ!”

“మరి ఈ కట్టుడు పళ్ళు?”

“అవి మా అన్నయ్యవి. పూర్తిగా ఇంటివే.”

ఆయన కలానికి మూత పెట్టేశాడు. “తల్లీ, ఇంకో అకౌంటు తెరవండి. మీకు పుణ్యం ఉంటుంది, నాకు నిద్ర ఉంటుంది.”

చూశారా స్వార్థం! తన నిద్ర కోసం ఒక పచ్చని సంసారంలో గీత గీయమంటాడా? బాబాయి ఇంటికొచ్చే దారి పొడవునా బాధపడ్డాడు. “వేరే అకౌంటేమిటోయ్? మనమేమన్నా పరాయివాళ్ళమా? నీది నాది అనే మాట మనింట్లో ఎప్పుడైనా వచ్చిందా?”

పిన్ని కాసేపు ఆలోచించి, రాలేదనే అంది.

ఒకే ఖాతా మనల్ని అప్పుల నుంచి కూడా కాపాడుతుంది. పిన్ని ఇంకో మిషను కొనుక్కుందామని బ్యాంకులో అప్పు అడిగింది. అక్కడి ఆఫీసరు కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పి, “మీ వ్యాపారం సంపాదిస్తున్నట్టు ఇందులో ఎక్కడా కనబడటం లేదమ్మా. ఇంతకీ మీరు చేసేది కర్టెన్ల వ్యాపారమా, జుట్టు రంగుదా?” అన్నాడు. అప్పు ఇవ్వలేదు. ఆ విధంగా పిన్ని రుణగ్రస్తురాలు కాకుండా బయటపడింది. పాత మిషనే కిర్రుకిర్రుమంటూ నడుస్తోంది. ఆ చప్పుడు లేకపోతే ఇల్లు బోసిపోదూ?

ఈ మధ్య ఒక డాక్టరమ్మ కొత్తగా క్లినిక్ పెట్టుకుంటూ పిన్నికి కబురు పంపింది. గదిగదికీ కిటికీ తెరలు, మంచానికీ మంచానికీ మధ్య అడ్డు తెరలు. ఇంత పెద్ద పని పిన్నికి మునుపెన్నడూ రాలేదు. క్లినిక్ తెరిచేది వచ్చేవారమే. “వేళకి చేసిస్తే మా వాళ్ళందరికీ నీ గురించి చెబుతా,” అంది డాక్టరమ్మ. గుడ్డ కొనుక్కోమని సగం డబ్బు అక్కడికక్కడే పంపేసింది.

పిన్ని స్టూలెక్కి టేపు పట్టుకుని కిటికీలు కొలుచుకుంటోంది. ఆఫీసులో బాబాయి జేబు టింగుమంది.

ఈసారి ఆయన ఫోన్ చేయలేదు. ఇంటిల్లిపాదినీ ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు. ప్రేమ అండీ ప్రేమ!

పిన్ని కొలతలు తీసుకుని నేరుగా గుడ్డల కొట్టుకు వెళ్ళింది. ఉతికినా వెలిసిపోని లేత ఆకుపచ్చ గుడ్డ ఎంచుకుంది. కొట్టాయన తాను విప్పి బల్లమీద దొర్లించి, పిన్ని చెప్పిన చోటల్లా కోసేశాడు. పిన్ని కార్డు ఇచ్చింది. ఆయన దాన్ని గీశాడు. ఇంకోసారి గీశాడు. తన చొక్కాకు తుడిచి మరోసారి గీశాడు.

“డబ్బు సరిపోదంటోందమ్మా.”

“ఉండాలండీ. ఇవాళే పడింది.”

“పడిందేమో గానీ లేచి వెళ్ళిపోయినట్టుంది. చూడమ్మా, గుడ్డ కోసేశాను. ఈ ముక్కలు నేనెవరికమ్మను? కొట్టు కట్టేసేలోగా డబ్బు తెస్తే సరే. లేకపోతే మీరు ఇంకెప్పుడూ మా మెట్లెక్కకండి.”

పిన్ని ఇంటికొచ్చి చూస్తే ముందుగదిలో తానులన్నీ మంచం మీదికి చేరాయి. అవి ఉండే గోడకు కొత్త టీవీ. ఎంత పెద్దదంటే, దానికీ ఒక కర్టెను కుట్టొచ్చు.

“ఎలా ఉంది?” అన్నాడు బాబాయి.

“డబ్బెక్కడిదండీ?”

“మన అకౌంట్లోదే! అంత డబ్బు ఊరికే మూలుగుతుంటేనూ...”

“అది డాక్టరమ్మ గుడ్డండీ.”

“గుడ్డెక్కడుంది? నాకు డబ్బే కనబడింది.”

“అమ్మా, ఒక్కసారి సౌండు వినవే, థియేటరులో ఉన్నట్టుంది,” అంది చెల్లి.

పిన్ని వినలేదు. “వెనక్కి ఇచ్చేయండి.”

“ఎలా ఇస్తాం? పెట్టె చింపేశాం. గోడకి మేకులు కూడా దిగ్గొట్టాం.”

“అయితే మీ జీతంలోంచి ఇవ్వండి. కొట్టు కట్టేస్తే ఆ గుడ్డ పోతుంది. గుడ్డ పోతే ఈ పని పోతుంది. ఇంకెవరూ నన్ను నమ్మి పని ఇవ్వరండీ.”

బాబాయి నిజంగానే నొచ్చుకున్నాడు. “నా జీతమా? అది వేరే అకౌంటు కదోయ్! నా జీతం వేరు, నీ కర్టెన్ల గోల వేరు. రెండూ కలిపితే లెక్క తప్పుతుంది.”

అవునండీ, మీకొక చిన్న విషయం చెప్పలేదు. బాబాయికి వేరే ఖాతా ఉంది. పెళ్ళికి ముందునుంచీ ఉంది. అందులోంచి ఎంత తీస్తాడో, ఎంత దాస్తాడో ఆయనకూ పైవాడికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇంతసేపూ నేను పొగుడుతూ వచ్చిన ఐకమత్యం పిన్ని సంపాదన ఒక్కదానికే పట్టిన అదృష్టం. అందులో డబ్బు పడితే ‘మన డబ్బు’. గుడ్డ తప్పు కోసి నష్టమొస్తే మాత్రం ‘నీ వ్యాపారం’. ఇంత మంచి వాదన మధ్యలో ఇలాంటి చిల్లర విషయం ఎందుకులే అనుకున్నాను.

పిన్ని అరవలేదు. మిషను ముందు పీట లాక్కుని కూర్చుంది. ఆ సమయానికి ఆమె నోట్లో గుండుసూదులు లేవు.

“మీరు చెప్పిందే నిజమండీ. మనమేమన్నా పరాయివాళ్ళమా? రేపే మీ ఆఫీసులో చెప్పండి. వచ్చేనెల నుంచి మీ జీతం కూడా మన అకౌంట్లోనే పడనివ్వండి. ఫోను నంబరు నాది పెట్టిద్దాం. ఇప్పుడు నా ఫోను బాగానే పనిచేస్తోంది. మీకు డబ్బు పడగానే ఫోన్ చేసి నేనే చెబుతాను.”

టీవీలో ఎవరో పగలబడి నవ్వారు. చెల్లి గబుక్కున సౌండు తగ్గించింది.

బాబాయి అల్లంత దూరాన గుమ్మం దగ్గరున్న చెప్పుల వంక చూశాడు.

“ఇంతకీ ఆ కొట్టు ఎన్నింటికి కట్టేస్తారు?” అన్నాడు.

ఇద్దరూ ఆటోలో వెళ్ళారు. జీతం ఖాతా కార్డు ఒక్క గీతకే పనిచేసింది. గుడ్డ మూట బాబాయే భుజాన వేసుకుని మోశాడు.

మర్నాడు బ్యాంకు షట్టరు లేవకముందే బాబాయి మెట్లమీద నిలబడి ఉన్నాడు, పిన్నిని వెంటబెట్టుకుని. వేరే ఖాతా ఎందుకని కౌంటరులో అమ్మాయి అడగనైనా లేదు. ఆయనే అందుకున్నాడు. “ఇంటి డబ్బూ వ్యాపారం డబ్బూ కలిపెయ్యడం చాలా ప్రమాదమండీ! ఏది ఎవరిదో తెలియకుండా పోతుంది. నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, ఈవిడ వింటేగా!”

నా వాదన ఏమైపోవాలి చెప్పండి? దానికి బతికున్న ఏకైక ఉదాహరణ ఈయనే!

పిన్ని కాగితాలు తన ముందుకు లాక్కుంది. చూపించిన చోట సంతకం పెట్టింది. తన ఫోను నంబరు తనే చెప్పింది.

“జాయింటుగా పెట్టమంటారా ఆంటీ? ఇద్దరి పేర్లూ వేసేస్తాను,” అంది కౌంటరులో అమ్మాయి.

బాబాయి ముఖం వెలిగింది. ముందుకు వంగాడు. జేబులోంచి కలం కూడా తీశాడు.

“వద్దమ్మా,” అంది పిన్ని. “కలిపితే లెక్క తప్పుతుందని ఈయనే చెప్పారు.”

బాబాయి గోడకున్న వడ్డీ రేట్ల బోర్డును పైనుంచి కిందికి శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.